2024కు ముందు లెవర్‌కూజెన్‌కు కప్పే లేదన్న మాట ఎంతవరకు నిజం?

జర్మన్ ఫుట్‌బాల్ క్లబ్ బేయర్ లెవర్‌కూజెన్ 2024 ఏప్రిల్ 14న వెర్డర్ బ్రెమెన్‌ను 5–0తో ఓడించి తొలిసారి జర్మనీ అగ్రశ్రేణి లీగ్ బుండెస్‌లిగా టైటిల్‌ను ఖాయం చేసుకుంది. ఆనాటి నుంచి ఆ క్లబ్ గురించి ఒక కథనం విపరీతంగా ప్రచారంలో ఉంది. దాని సారాంశం ఇది: 1904లో పుట్టిన ఈ క్లబ్ 120 ఏళ్లపాటు ఒక్క కప్పు కూడా గెలవలేదు. 1988లో యూరప్‌లో ఏదో గెలిచిందని ఎవరైనా గుర్తుచేసినా, అది పెద్ద జట్లు పట్టించుకోని చిన్న టోర్నీ, పైగా పెనాల్టీల అదృష్టం. 2002లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది కలిసొచ్చిన డ్రా వల్ల, అంటే తేలికైన ప్రత్యర్థులు ఎదురుకావడం వల్ల, అక్కడ రియల్ మాడ్రిడ్ దాన్ని చిత్తుచిత్తుగా ఓడించింది. యూరప్‌లో పెద్ద జట్టు ఎదురైనప్పుడల్లా అది తోక ముడిచింది. షాబి అలోన్సో కోచ్‌గా వచ్చాకే దానికి గెలుపు రుచి తెలిసింది, లీగ్ గెలిచిన 2023–24 సీజన్లో అది ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

వినడానికి కథ బాగుంది. శూన్యం నుంచి శిఖరానికి చేరిన కథలకు ఆదరణ ఎప్పుడూ ఎక్కువే. అయితే ఇందులో శూన్యమని చెబుతున్న చోట నిజానికి ఒక యూరప్ కప్పు, ఒక జర్మన్ కప్పు ఉన్నాయి. ఓటమే లేదని చెబుతున్న చోట ఒక ఓటమి ఉంది, అది కూడా యూరప్ ఫైనల్లోనే. కనుక ఒక్కొక్క మాటనూ విడివిడిగా చూడవలసి ఉంది.

మొదటిది, 120 ఏళ్లలో ఒక్క కప్పూ లేదన్న వాదన. 2024లో జర్మనీలోనూ బయటా పత్రికలు రాసిన వాస్తవం, 120 ఏళ్ల చరిత్రలో ఇది ఆ క్లబ్‌కు తొలి లీగ్ టైటిల్ అని. ఆ వాక్యం చేతులు మారే క్రమంలో ‘లీగ్’ అన్న మాట రాలిపోయి, ‘తొలి టైటిల్’ మిగిలింది, తర్వాత అదే ‘తొలి కప్పు’ అయింది. రికార్డు మాత్రం తేటగా ఉంది. 1988 మేలో లెవర్‌కూజెన్ యూఏఫా కప్ (నేటి యూరోపా లీగ్‌కు పాత పేరు) గెలిచింది. 1993 జూన్‌లో బెర్లిన్‌లో జరిగిన జర్మన్ కప్ ఫైనల్లో, అంటే పోకాల్ ఫైనల్లో, ఉల్ఫ్ కిర్‌స్టెన్ కొట్టిన ఏకైక గోలుతో హెర్తా బెర్లిన్ అమెచ్యూర్ జట్టును 1–0తో ఓడించింది. ఈ రెండో విజయంలో ప్రత్యర్థి హెర్తా రెండో జట్టు కావడం వల్ల దాన్ని తక్కువగా చూసేవారు ఉండవచ్చు. ఎంత తక్కువగా చూసినా కప్పు కప్పే.

120 అన్న సంఖ్యను వాడిన తీరు కూడా సరైనది కాదు. బేయర్ కంపెనీ కార్మికుల్లో 170 మంది ఒక క్రీడా సంఘానికి సాయం చేయమని కోరుతూ 1903 నవంబరులో యాజమాన్యానికి రాసిన లేఖతో ఈ క్లబ్ కథ మొదలైంది. మరుసటి ఏడాది జూలై 1న సంఘం ఏర్పడింది. చాలా దశాబ్దాలపాటు అది కింది స్థాయి లీగుల్లో ఆడిన జట్టు. బుండెస్‌లిగా 1963లో ప్రారంభమైతే లెవర్‌కూజెన్ అందులో అడుగుపెట్టింది 1979లో. యూరప్ పోటీల్లో తొలిసారి ఆడింది 1986–87 సీజన్లో. ఆ ఏడాది స్వీడన్ జట్టు కాల్మార్‌ను దాటి, రెండో రౌండులో ప్రాగ్ నగరపు దుక్లా చేతిలో ప్రత్యర్థి మైదానపు గోళ్ల లెక్కతో (మొత్తం స్కోరు సమమైతే ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోళ్లు కొట్టిన జట్టుదే గెలుపన్న నాటి నిబంధన) నిష్క్రమించింది. ఆ మరుసటి ఏడాదే కప్పు గెలిచింది. అంటే యూరప్‌లో ఆడిన రెండో సీజన్లోనే, దేశపు అగ్రశ్రేణి లీగ్‌లోకి వచ్చిన తొమ్మిదేళ్లకే ఒక యూరప్ ట్రోఫీ దానికి దక్కింది. ఈ లెక్కను పక్కనపెట్టి 120 ఏళ్ల నిరీక్షణ అనడం, పెద్ద బడిలో చేరనివాడు ఆ బడి పరీక్షలో ఫస్టు రాలేదని అనడం లాంటిది.

పోల్చి చూడదలచుకున్నవారికి మరొక విషయం. యూరోపియన్ కప్ లేదా ఛాంపియన్స్ లీగ్, దేశీయ కప్పుల విజేతలు ఆడిన కప్ విన్నర్స్ కప్, యూఏఫా కప్ లేదా యూరోపా లీగ్, ఈ మూడింటిలో ఏదో ఒకటి గెలిచిన జర్మన్ క్లబ్బులు బాయెర్న్ మ్యూనిక్, డార్ట్‌మండ్, హాంబర్గ్, మ్యోంచెన్‌గ్లాడ్‌బాఖ్, ఫ్రాంక్‌ఫర్ట్, బ్రెమెన్, షాల్క, లెవర్‌కూజెన్, ఇక తూర్పు జర్మనీ రోజుల్లో 1974లో కప్ విన్నర్స్ కప్ గెలిచిన మాగ్డెబర్గ్. అంతే. లీగ్ టైటిళ్లు పలుమార్లు గెలిచిన కొలోన్, స్టుట్‌గార్ట్ క్లబ్బులు యూరప్ ఫైనళ్లలో ఓడాయే తప్ప ఈ జాబితాలోకి రాలేదు. రైన్ నది ఒడ్డున పొరుగూరైన కొలోన్‌కు లేనిది లెవర్‌కూజెన్‌కు ఉంది. ఆ ప్రాంతంలో ఇది చిన్న విషయమేమీ కాదు.

రెండోది, యూఏఫా కప్ చిన్న టోర్నీ అన్న మాట. ఇది నేటి కళ్లతో నాటి పోటీని చూడటం వల్ల వచ్చిన పొరపాటు. ఇవాళ పెద్ద లీగుల నుంచి నాలుగేసి జట్లు ఛాంపియన్స్ లీగ్‌కు వెళతాయి కాబట్టి యూరోపా లీగ్‌కు మిగిలేవి ఆ తర్వాతి జట్లు. 1988లో యూరోపియన్ కప్‌లోకి ప్రవేశం దేశ ఛాంపియన్‌కు, గత విజేతకు మాత్రమే. లీగుల్లో రెండు, మూడు, నాలుగు స్థానాల్లో నిలిచిన బలమైన జట్లన్నీ యూఏఫా కప్‌లోనే ఆడేవి. అందులో 64 జట్లుండేవి. ఫైనల్ కూడా రెండు అంచెలుగా, అంటే ఒక్కో జట్టు మైదానంలో ఒక్కో మ్యాచ్‌గా, జరిగేది కనుక కప్పు ఎత్తాలంటే 12 మ్యాచ్‌లు ఆడాలి, అదే యూరోపియన్ కప్‌కు 9 మ్యాచ్‌లు చాలు. ఆ రోజుల్లో యూఏఫా కప్‌యే గెలవడానికి ఎక్కువ కష్టమైన టోర్నీ అని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. వారి వాదన కొట్టిపారేయదగింది కాదని నా అభిప్రాయం.

ఈ ప్రచారానికి అనుకూలంగా చెప్పదగిన మాట ఒకటుంది, అది కూడా చెప్పాలి. 1985లో బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో 39 మంది మరణించిన దుర్ఘటన తర్వాత ఇంగ్లండ్ క్లబ్బులపై కొన్నేళ్లు నిషేధం ఉండేది. 1988లో అవి పోటీలో లేవు. అందువల్ల ఆ ఏడాది మూడు యూరప్ కప్పులూ ఇంగ్లండ్ జట్లు లేకుండానే జరిగాయి. ఆ లోటును లెవర్‌కూజెన్ ఒక్కదాని ఖాతాలో రాయడం న్యాయం కాదు.

ఇక ఎదురైన జట్లను చూద్దాం. ఆస్ట్రియా వియన్నా, ఫ్రాన్స్ జట్టు తులూజ్, నెదర్లాండ్స్ జట్టు ఫెయెనూర్డ్, ఆ తర్వాత క్వార్టర్‌ఫైనల్లో బార్సిలోనా. తొలి అంచె 0–0తో ముగిశాక, బార్సిలోనాను దాని గడ్డ క్యాంప్ నౌలోనే 1–0తో ఓడించి లెవర్‌కూజెన్ సెమీస్‌కు చేరింది. ఆ గోలు బ్రెజిల్ ఆటగాడు టీటాది. సెమీఫైనల్లో ఎదురైన వెర్డర్ బ్రెమెన్ ఆ ఏడాది బుండెస్‌లిగా విజేత. దాన్ని రెండు అంచెలూ కలిపి 1–0తో దాటింది. ఫైనల్ ప్రత్యర్థి, బార్సిలోనా నగరపు మరో జట్టు ఎస్పాన్యోల్ పేరు వినగానే పెదవి విరిచేవారు అది ఏ దారిన వచ్చిందో చూడాలి. మ్యోంచెన్‌గ్లాడ్‌బాఖ్‌ను, అరిగో సాకీ శిక్షణలో గులిట్, వాన్ బాస్టెన్‌లతో ఆ సీజన్లోనే ఇటలీ ఛాంపియన్ అయిన ఏసీ మిలాన్‌ను, ఆ వెంటనే ఇంటర్ మిలాన్‌ను ఇంటికి పంపి వచ్చిన జట్టు అది. పెద్ద జట్లు ఈ టోర్నీని పట్టించుకోలేదనడం కంటే, పట్టించుకుని కూడా ఓడిపోయాయనడం సరిగా ఉంటుంది.

మూడోది, పెనాల్టీల అదృష్టం. దీనిపై కాస్త ఎక్కువసేపు నిలవాలి, ఎందుకంటే ఆ ఫైనల్‌ను ‘పెనాల్టీల్లో గెలిచింది’ అన్న రెండు మాటలకు కుదిస్తే అసలు జరిగినదంతా మాయమైపోతుంది. 1988 మే 4న బార్సిలోనా నగరంలో జరిగిన తొలి అంచెలో ఎస్పాన్యోల్ 3–0తో గెలిచింది. సెబాస్టియాన్ లొసాడా రెండు గోళ్లు కొట్టాడు, మిగిలినది సొలెర్‌ది. మే 18న లెవర్‌కూజెన్‌లో రెండో అంచె. మొదటి సగం ముగిసేసరికి ఒక్క గోలూ లేదు. 45 నిమిషాల ఆట మిగిలి ఉంది, మూడు గోళ్లు కావాలి. ఎస్పాన్యోల్ ఒక్కటి కొడితే ప్రత్యర్థి మైదానపు గోళ్ల నిబంధన వల్ల మూడు కాస్తా ఐదవుతాయి. ఎస్పాన్యోల్ గోలులో నిలబడినవాడు కామెరూన్‌కు చెందిన టోమా ఎన్‌కోనో, ఆ తరపు మేటి గోల్‌కీపర్లలో ఒకడు. అలాంటి స్థితిలో 57వ నిమిషంలో టీటా, 63వ నిమిషంలో ఫాల్కో గ్యోట్స్, 81వ నిమిషంలో దక్షిణ కొరియా ఆటగాడు చా బుమ్ కున్ గోళ్లు కొట్టారు. అదనపు సమయంలో ఎవరికీ గోలు రాలేదు.

పెనాల్టీ షూటౌట్ కూడా లెవర్‌కూజెన్ వైపు మొగ్గుతూ మొదలవలేదు. ఎస్పాన్యోల్ తొలి రెండు కిక్కులూ గోలయ్యాయి, లెవర్‌కూజెన్ తొలి కిక్కు తీసుకున్న ఫాల్కెన్‌మాయర్ విఫలమయ్యాడు. ఆ తర్వాత రోల్ఫ్, వాస్, టాయ్‌బర్ వరసగా ముగ్గురూ గోళ్లు చేయగా, ఎస్పాన్యోల్ మూడు కిక్కులు వరసగా వృథా అయ్యాయి. చివరిదాన్ని గోలుపై నుంచి కొట్టినవాడు తొలి అంచె వీరుడు లొసాడాయే. లెవర్‌కూజెన్ 3–2తో గెలిచింది. షూటౌట్లో అదృష్టానికి చోటు ఉందని ఎవరూ కాదనరు. అయితే షూటౌట్ దాకా చేర్చిన మూడు గోళ్లను అదృష్టం కొట్టలేదు. ఆ ఫైనల్ తొలి అంచె మినహా ఆ టోర్నీలో లెవర్‌కూజెన్ మరే మ్యాచ్ ఓడలేదన్నది కూడా గమనించాలి.

ఆ ముగ్గురు గోల్‌వీరుల్లో గ్యోట్స్ గురించి ఒక్క మాట పక్కకు వెళ్లి చెప్పాలనిపిస్తోంది. అతడు తూర్పు బెర్లిన్ క్లబ్ బీఎఫ్‌సీ డైనమో ఆటగాడు. 1983 నవంబరులో యూరోపియన్ కప్ మ్యాచ్ కోసం జట్టుతో బెల్‌గ్రేడ్ వెళ్లినప్పుడు, సహచరుడు డిర్క్ ష్లెగెల్‌తో కలిసి జట్టును విడిచి పశ్చిమ జర్మనీకి పారిపోయి వచ్చాడు. ఇద్దరూ లెవర్‌కూజెన్‌లో చేరారు. ఐదేళ్లు తిరగకముందే అతడు ఒక యూరప్ ఫైనల్లో గోలు కొట్టాడు. చా బుమ్ కున్‌కు అది రెండో యూఏఫా కప్, మొదటిది 1980లో ఫ్రాంక్‌ఫర్ట్‌తో గెలిచాడు. ఒక్క కప్పూ లేదని రాసినవారు ఈ మనుషులందరినీ చరిత్రలోంచి తుడిచేస్తున్నారు.

నాలుగోది, 2002 ఛాంపియన్స్ లీగ్. కలిసొచ్చిన డ్రా అన్నారు కాబట్టి ఆ డ్రానే పరిశీలిద్దాం. క్వాలిఫయింగ్ రౌండులో బెల్‌గ్రేడ్ రెడ్ స్టార్‌ను దాటాక, తొలి గ్రూపులో బార్సిలోనా, లియోన్, ఫెనర్‌బాచె ఎదురయ్యాయి. రెండో గ్రూపులో యువెంటస్, ఆర్సెనల్, స్పెయిన్ జట్టు డిపోర్టివో ఉన్నాయి. ఆ గ్రూపులో మొదటి స్థానం లెవర్‌కూజెన్‌ది. టూరిన్‌లో యువెంటస్ చేతిలో 0–4తో, లండన్‌లో ఆర్సెనల్ చేతిలో 1–4తో ఘోరంగా ఓడిన మాట వాస్తవమే. అయినా డిపోర్టివోను రెండు చోట్లా, యువెంటస్‌ను సొంతగడ్డపై ఓడించి పైకి వచ్చింది. క్వార్టర్‌ఫైనల్లో లివర్‌పూల్ చేతిలో తొలి అంచె 0–1తో పోయాక, రెండో అంచెలో 4–2తో గెలిచింది. ఆ నాలుగో గోలు 84వ నిమిషంలో డిఫెండర్ లూసియో కొట్టాడు. సెమీఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 2–2, సొంత మైదానంలో 1–1. ప్రత్యర్థి మైదానపు గోళ్లతో ఫైనల్‌కు చేరింది. బార్సిలోనా, యువెంటస్, ఆర్సెనల్, లివర్‌పూల్, యునైటెడ్ ఎదురైన దారిని తేలికైనదంటే, కష్టమైన దారి ఎలా ఉంటుందో చెప్పవలసిన బాధ్యత ఆ మాట అన్నవారిదే.

ఫైనల్ 2002 మే 15న గ్లాస్గో హ్యాంప్‌డెన్ పార్కులో జరిగింది. రియల్ మాడ్రిడ్ 2–1తో గెలిచింది. రౌల్ ఆరంభంలోనే గోలు కొట్టగా కొన్ని నిమిషాలకే లూసియో తలతో సమం చేశాడు. విరామానికి ముందు రోబెర్టో కార్లోస్ పైకి లేపిన బంతిని జిదాన్ ఎడమ కాలితో గాల్లోనే గోలులోకి పంపాడు. ఆ గోలును ఇప్పటికీ ప్రపంచమంతా చూస్తోంది, బహుశా చిత్తు అన్న భావన కలగడానికి కారణం కూడా అదే. రెండో సగంలో ఆట వేరుగా నడిచింది. రియల్ గోల్‌కీపర్ సెసార్ గాయపడటంతో 68వ నిమిషంలో కుర్రవాడైన ఇకెర్ కసియాస్ మైదానంలోకి వచ్చాడు. చివరి నిమిషాల్లో లెవర్‌కూజెన్ దాడులను అతడు వరసగా అడ్డుకోకపోతే మ్యాచ్ అదనపు సమయానికి వెళ్లేది. ఆ రాత్రి లెవర్‌కూజెన్ తరఫున రక్షణ వరుస నాయకుడు యెన్స్ నొవొట్నీ లేడు, సెమీఫైనల్లో మోకాలి గాయమైంది. సస్పెన్షన్ వల్ల జె రొబెర్టో కూడా లేడు. ఇవి లేకుంటే గెలిచేదని నేను అనడం లేదు. రియల్‌కు అర్హత లేదని అంతకన్నా అనను. ఒక గోలు తేడాతో, చివరి క్షణం దాకా తేలకుండా సాగిన ఫైనల్‌ను చిత్తు అనకూడదని మాత్రమే అంటున్నాను. ఒక్కసారి కూడా దేశ లీగ్ గెలవకుండా ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడిన తొలి క్లబ్ అదే.

ఆ నెలలోనే లెవర్‌కూజెన్ బుండెస్‌లిగాను ఒక్క పాయింటు తేడాతో డార్ట్‌మండ్‌కు, పోకాల్‌ను 2–4తో షాల్కకు పోగొట్టుకుంది. మూడింటా రెండో స్థానమే. ‘నెవర్‌కూజెన్’ అన్న ఎగతాళి పేరు ఎక్కువగా అంటుకున్నది అక్కడే, ఈ ప్రచారానికి వేరు కూడా అదే. ఎగతాళికి కారణం ఉంది. అది రికార్డుకు బదులు కాదు.

ఐదోది, పెద్ద జట్టు కనబడితే ఓటమే అన్న మాట. పైన చెప్పిన క్యాంప్ నౌ, యువెంటస్, లివర్‌పూల్ ఫలితాలకు తోడు, 2004 శరత్కాలంలో ఫిగో, జిదాన్, రౌల్‌లతో వచ్చిన రియల్ మాడ్రిడ్‌ను లెవర్‌కూజెన్ సొంతగడ్డపై 3–0తో ఓడించి ఆ గ్రూపులో అగ్రస్థానంలో నిలిచింది. కానీ ఇక్కడ ప్రచారంలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. 2002–03 రెండో గ్రూపు దశలో ఆరుకు ఆరు మ్యాచ్‌లూ ఓడింది. 2012 మార్చిలో బార్సిలోనా చేతిలో 1–7తో ఓడిన రాత్రి మెస్సీ ఒక్కడే ఐదు గోళ్లు కొట్టాడు. 2002 ఫైనల్ తర్వాత 2024 దాకా ఛాంపియన్స్ లీగ్‌లో ఎన్నిసార్లు ఆడినా ప్రీక్వార్టర్స్ దాటలేదు. లివర్‌పూల్, పారిస్, అట్లెటికో మాడ్రిడ్, వీటిలో అట్లెటికో చేతిలో రెండుసార్లు ఆగిపోయింది. విమర్శించదలచుకున్నవారికి బలమైన ఆధారం ఈ రెండు దశాబ్దాలే. విచిత్రమేమిటంటే ప్రచారంలో వీటి ప్రస్తావనే లేదు. లేని శూన్యాన్ని సృష్టించే హడావుడిలో ఉన్న బలహీనతను వదిలేశారు.

చివరిది అలోన్సో సీజన్. అతడు 2022 అక్టోబరులో వచ్చేనాటికి జట్టు పట్టిక అడుగున కొట్టుమిట్టాడుతోంది. ఆ సీజన్లోనే యూరోపా లీగ్ సెమీఫైనల్ దాకా నడిపించాడు, అక్కడ రోమా చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడింది. 2023–24లో బుండెస్‌లిగా 34 మ్యాచ్‌లలో 28 గెలిచి 6 డ్రా చేసింది. అంతకుముందు ఏ జట్టూ బుండెస్‌లిగా సీజన్‌ను ఓటమి లేకుండా ముగించలేదు. ప్రచారం ఇంతవరకు చెప్పి ఆగితే తప్పు పట్టవలసింది లేదు. సీజన్ మొత్తం ఓడలేదనడంతోనే అది అబద్ధమైంది.

యూరోపా లీగ్‌లో గ్రూపు మ్యాచ్‌లు ఆరూ గెలిచాక, అజర్‌బైజాన్ జట్టు కరబాగ్‌పై రెండో అంచెలో పాట్రిక్ షిక్ ఇంజరీ టైంలో కొట్టిన రెండు గోళ్లతో గట్టెక్కింది. వెస్ట్ హామ్‌ను దాటింది. సెమీఫైనల్ రెండో అంచెలో రోమాతో 1–2తో వెనుకబడి ఉండగా 97వ నిమిషంలో స్టానిసిచ్ సమం చేశాడు. దాంతో వరసగా 49 మ్యాచ్‌లలో ఓటమి లేని జట్టుగా, 1960లలో బెన్‌ఫికా నెలకొల్పిన 48 మ్యాచ్‌ల యూరప్ రికార్డును అధిగమించింది. ఆ వరుస 51కి చేరాక, 2024 మే 22న డబ్లిన్‌లో జరిగిన ఫైనల్లో ఇటలీ జట్టు అటలాంటా 3–0తో దాన్ని తెంచింది. మూడు గోళ్లూ నైజీరియా ఆటగాడు అడెమోలా లుక్‌మన్‌వే. గ్యాస్పెరీని శిక్షణలోని ఆ జట్టు మనిషికి మనిషి అన్న పద్ధతిలో మైదానమంతా ఒత్తిడి తెచ్చింది. లెవర్‌కూజెన్‌కు బంతిని తన లయలో నడిపించుకునే వీలే చిక్కలేదు. మూడు రోజుల తర్వాత బెర్లిన్‌లో కైజర్‌స్లౌటెర్న్‌ను 1–0తో ఓడించి పోకాల్ అందుకుంది, అది ఆ క్లబ్‌కు రెండో పోకాల్. అప్పటికి ఆ సీజన్లో ఆడిన మ్యాచ్‌లు 53, ఓడినది ఒకటి.